స్కూల్ బోర్డు మీద పోయిన నమ్మకం తిరిగి రావాలంటే ఏం అడగాలి?

రేవతి_ఎస్ఎఫ్:

అందరికీ నమస్కారం. మేముండేది శాన్ ఫ్రాన్సిస్కోలో. పిల్లలిద్దరూ ఇక్కడి పబ్లిక్ స్కూల్లోనే చదువుతున్నారు. 2026 నవంబర్‌లో ఈ పబ్లిక్ స్కూళ్ళను పర్యవేక్షించే స్కూల్ బోర్డుకు ఎన్నిక ఉంది. బోర్డులో ఏడుగురు సభ్యులు, ఒక్కొక్కరికి నాలుగేళ్ళ పదవి. 2022 ఫిబ్రవరి 15న ఇదే ఊరి ఓటర్లు ముగ్గురు సభ్యుల్ని గడువు తీరకముందే ఓటేసి దింపేశారు, దీన్నే రీకాల్ అంటారు. ఆ తర్వాత సభ్యులు మారారు, బడుల్ని నడిపే ముఖ్య అధికారులు (సూపరింటెండెంట్లు) మారారు. అయినా బడి గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డవాళ్ళ ముందు బోర్డు మాట ఎత్తితే ఇప్పటికీ పెదవి విరుస్తారు.

త్వరలో అభ్యర్థులతో ముఖాముఖి ఉంటుంది. "పిల్లలే మాకు ముఖ్యం" అని అందరూ అంటారు. ఆ మాటతో మనం తేల్చేదేమీ ఉండదు. గెలిచాక చేశారో లేదో మనమే చూసి చెప్పగలిగే ప్రశ్నలు కావాలి. అమెరికా అయినా ఇండియా అయినా సరే, మీ ఊళ్ళ సంగతులు కూడా చెప్పండి.

బే_బాబాయ్:

అమ్మా రేవతీ, అసలు నమ్మకం ఎందుకు పోయిందో ముందు చెప్పుకోవాలి. కొత్తగా వచ్చిన కుటుంబాలకు ఆ కథ తెలియదు.

2020 మార్చిలో కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. చిన్న తరగతుల పిల్లలకు కూడా 2021 ఏప్రిల్ దాకా తలుపులు తెరవలేదు. ఆ ఫిబ్రవరిలో నగర ప్రభుత్వమే తన ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ (బోర్డు కింద బడులు నడిపే సంస్థ) మీద కోర్టుకెక్కింది, బడులు తెరవమని. సరిగ్గా ఆ రోజుల్లో బోర్డు చేస్తున్న పనులు చూడండి. జనవరిలో లింకన్, వాషింగ్టన్ పేర్లతో సహా 44 బడుల పేర్లు మార్చాలని 6-1తో తీర్మానం. ఫిబ్రవరిలో తల్లిదండ్రుల సలహా కమిటీలోకి ఒక తండ్రిని తీసుకోవాలా వద్దా అని సుమారు రెండు గంటల చర్చ. అదే నెలలో లోవెల్ హైస్కూల్లో మార్కుల ప్రకారం ఇచ్చే సీట్లు తీసేసి లాటరీ పెట్టాలని ఓటు. మార్చిలో ఒక సభ్యురాలి పాత ట్వీట్లు బయటపడి ఆసియా కుటుంబాలు మండిపడ్డాయి. ఆమెను ఉపాధ్యక్ష పదవి నుంచి తప్పిస్తే ఆమె తన డిస్ట్రిక్ట్ మీదే 8.7 కోట్ల డాలర్లకు దావా వేసింది. కోర్టు కొట్టేసిందనుకోండి. ఇదంతా జరుగుతుండగా బడ్జెట్‌లో 12.5 కోట్ల డాలర్ల లోటు నోరు తెరుచుకుని ఉంది.

రీకాల్ మొదలుపెట్టినవాళ్ళు ఇద్దరు మామూలు మనుషులు. అందులో శివ రాజ్ ఇండియా నుంచి వచ్చినవాడే. ఒక్కో సభ్యుడి మీద 50 వేలకు పైగా సంతకాలు కావాలి. సాధించారు. ముగ్గురికీ వ్యతిరేకంగా మూడింట రెండొంతులకు పైగా ఓట్లు పడ్డాయి.

కాబట్టి నా మొదటి ప్రశ్న: "మీటింగులో ఎంత సమయం పిల్లల చదువు మీద గడుపుతారు? ఆ లెక్క బయట పెడతారా?"

కల్యాణి_ఓక్లాండ్:

బాబాయ్ గారూ, మీరు చెప్పినవన్నీ జరిగాయి. కానీ కథలో ఇంకో సగం ఉంది. ఆ రీకాల్‌కు వెంచర్ పెట్టుబడిదారుల డబ్బు కూడా బాగా వచ్చింది. ఓటేసినవాళ్ళు 36 శాతం దగ్గర. బడులు ఆలస్యంగా తెరవడానికి టీచర్ల భయం ఉంది, పాత భవనాల్లో గాలి ఆడకపోవడం ఉంది. అమ్మమ్మా తాతయ్యలతో ఒకే ఇంట్లో ఉండే పేద కుటుంబాలు చాలామంది అప్పుడు పిల్లల్ని పంపడానికే ఇష్టపడలేదు. వాళ్ళ గొంతు మనకు వినపడలేదు, అంతే.

పేర్ల మార్పు కూడా ఆలోచనగా తప్పని నేను అనుకోను. బానిసల్ని ఉంచుకున్న మనిషి పేరు ఉన్న బడికి ఒక నల్లజాతి పిల్ల రోజూ నడిచి వెళ్తుంది. ఆ పిల్ల తల్లి అడగకూడదా?

బే_బాబాయ్:

తప్పకుండా అడగాలమ్మా. నేను పట్టుబట్టేది ఆ పని చేసిన తీరు మీద. అమెరికా స్వాతంత్ర్య పోరాట వీరుడు పాల్ రివీర్ పేరు తీసేయాలన్నారు కదా, కారణం ఏమిటో తెలుసా? 1779లో పెనాబ్‌స్కాట్ దండయాత్రలో ఆయన పాల్గొన్నాడు. అది బ్రిటిష్ వాళ్ళ మీద జరిగిన యుద్ధం. బడుల పేర్లు పరిశీలించిన కమిటీ దాన్ని పెనాబ్‌స్కాట్ ఆదివాసుల భూమి లాక్కోవడానికి జరిగిన దాడి అనుకుంది. చరిత్రకారుల్ని ఒక్కరినైనా పిలిచి అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. పిలవలేదు. వికీపీడియా లాంటివి చూసి నిర్ణయించారు. చివరికి ఏప్రిల్‌లో ఆ తీర్మానం మొత్తం వెనక్కి తీసుకున్నారు. నువ్వు చెప్పిన ఆ తల్లికి కూడా దానివల్ల న్యాయం జరగలేదు. సరిగ్గా చేసి ఉంటే కొన్ని పేర్లైనా మారేవి.

కల్యాణి_ఓక్లాండ్:

ఈ మాట ఒప్పుకుంటాను. తయారీ లేకుండా మొదలుపెట్టి మంచి పనిని కూడా చెడగొట్టారు.

లెక్కల_మాస్టారు:

లోవెల్ సంగతిలో చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. ఆ ఓటును 2021 నవంబర్‌లో కోర్టు తప్పుపట్టింది. లాటరీ మంచిదా చెడ్డదా అన్న జోలికి పోలేదు. బోర్డు ఏం చేయబోతోందో అజెండాలో ప్రజలకు తెలిసేలా రాయలేదన్నదే తప్పు. కాలిఫోర్నియాలో బ్రౌన్ చట్టం 1953 నుంచి ఉంది. మామూలు మీటింగుకు కనీసం 72 గంటల ముందు అజెండా పెట్టాలి, అందులో ప్రతి అంశం ఏమిటో చదివితే అర్థమవ్వాలి. 2022 జూన్‌లో కొత్త బోర్డు లోవెల్‌లో పాత పద్ధతి తిరిగి తెచ్చింది.

నాకు తెలిసి మనవాళ్ళెవరూ అజెండా తెరిచి చూడరు. ఒక్కసారి చూడండి. "కన్సెంట్" అని ఒక భాగం ఉంటుంది. పదులకొద్దీ కాంట్రాక్టులు, కొనుగోళ్ళు అన్నీ కలిపి ఒకే ఓటుతో అయిపోతాయి. చర్చ ఉండదు. డబ్బు వెళ్ళేది ఎక్కువగా ఆ దారినే. అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్న: "కన్సెంట్ జాబితాలోంచి పెద్ద కాంట్రాక్టును బయటకు తీసి, ఇది ఎందుకు, ఎంతకు, పోయినసారి ఇచ్చినదాని ఫలితం ఏమిటి అని మీరు అడుగుతారా?" అలా అడగడానికి ఏ సభ్యుడికైనా హక్కు ఉంది. అడిగేవాళ్ళే తక్కువ.

ఫ్రిస్కో_శీను:

టెక్సస్ నుంచి నా రెండు మాటలు. మా ఫ్రిస్కోలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలిసిందే. మంచి స్కూళ్ళు అని ఇక్కడ ఇల్లు కొన్నవాళ్ళమే అందరం. 2024 నవంబర్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ నాలుగు ప్రతిపాదనలు పెట్టింది. పన్ను రేటు ఒకటి, బాండ్లు (బడుల పనుల కోసం తెచ్చే అప్పు) మూడు. బాండ్లన్నీ కలిపితే వంద కోట్ల డాలర్ల పైమాటే. నాలుగూ ఓడిపోయాయి.

అందరూ పన్నుల మీద కోపం అంటారు. అది నిజమే. దాంతోపాటు, 2019 చట్టం ప్రకారం బాండ్ బ్యాలెట్ మీద "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని పెద్ద అక్షరాల్లో రాయాల్సిందే, రేటు పెరగకపోయినా సరే. అది చదివి ఓటేసేవాడికి వేరే వివరం అందలేదు. రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 6,160 డాలర్ల దగ్గర 2019 నుంచి 2025 దాకా కదల్లేదు. ధరలు మాత్రం ఆగలేదు కదా. ఆ లోటు ఎక్కడినుంచి వచ్చిందో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్కరికీ తెలియదు. స్టేడియం కోసం, ఆడిటోరియం కోసం అడుగుతున్నారనే మెసేజులే తిరిగాయి.

బోర్డు బాండ్ పెట్టిన నెలలో వచ్చి పవర్‌పాయింట్ చూపిస్తే జనం వినరు. డబ్బు అడగని సంవత్సరాల్లో కూడా వచ్చి లెక్క చెప్పినవాళ్ళనే నమ్ముతారు.

రేవతి_ఎస్ఎఫ్:

శీను గారూ, విచిత్రం ఏమిటంటే అదే 2024 నవంబర్‌లో మా దగ్గర 79 కోట్ల డాలర్ల బాండ్ సులువుగానే నెగ్గింది. బోర్డు మీద ఇంత అసంతృప్తి ఉన్న ఊళ్ళో! ఎందుకంటారు?

లెక్కల_మాస్టారు:

రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, శాన్ ఫ్రాన్సిస్కోలో బడుల బాండ్లను ఓటర్లు మామూలుగానే సమర్థిస్తారు. రెండోది చట్టం. కాలిఫోర్నియాలో 2000లో ఓటర్లు నేరుగా ఆమోదించిన ప్రపోజిషన్ 39 ప్రకారం 55 శాతం ఓట్లతో బాండ్ నెగ్గించుకోవచ్చు, కానీ బదులుగా పౌరుల పర్యవేక్షణ కమిటీ ఉండాలి, ప్రతి ఏటా ఖర్చుల ఆడిట్, పనుల ఆడిట్ రెండూ జరగాలి. బాండ్ డబ్బుతో టీచర్ల, అధికారుల జీతాలు ఇవ్వకూడదు. ఓటరుకు ఇవన్నీ కంఠతా రాకపోవచ్చు, కానీ డబ్బు భవనాలకే వెళ్తుందన్న ధీమా ఉంటుంది. బోర్డును నమ్మకపోయినా ఏర్పాటును నమ్మాడు. మీ ఊళ్ళో ఆ కమిటీ నివేదికలు చదివేవాళ్ళు ఎవరో కనుక్కోండి. ఖాళీలుంటే మీరే చేరండి.

సుజాత_టీచర్:

నేను కాలిఫోర్నియాలోనే మరో డిస్ట్రిక్ట్‌లో మిడిల్ స్కూల్ సైన్స్ చెప్తాను. ఇక్కడ ఇప్పటిదాకా టీచర్ల మాట రాలేదు కాబట్టి రాస్తున్నా.

శాన్ ఫ్రాన్సిస్కోలో 2022 జనవరిలో కొత్త జీతాల సాఫ్ట్‌వేర్ పెట్టారు. టీచర్లకు జీతాలు తక్కువ పడ్డాయి, కొందరికి అసలు పడలేదు, ఇన్సూరెన్సులు ఆగాయి. మార్చిలో టీచర్లు డిస్ట్రిక్ట్ ఆఫీసులోనే రాత్రంతా కూర్చుని నిరసన తెలిపారు. సరిచేయడానికి కోట్ల డాలర్లు పోశారు, చివరికి ఆ సాఫ్ట్‌వేర్‌నే వదిలించుకోవాలని నిర్ణయించారు. గమనించండి, ఇది రీకాల్‌కు ముందు మొదలై, రీకాల్ తర్వాత కూడా సాగింది. మనుషుల్ని మార్చినంత మాత్రాన ఆఫీసు పని బాగుపడదని దీన్ని చూస్తే తెలుస్తుంది. అద్దె కట్టడానికి అప్పు చేసిన టీచర్ మర్నాడు ఏడింటికి క్లాసులో నవ్వుతూ నిలబడాలి. అలాంటి చోట ఎవరుంటారు? పక్క డిస్ట్రిక్ట్‌కు వెళ్ళిపోతారు. అక్టోబర్‌లో లెక్కల టీచర్ వెళ్ళిపోతే జూన్ దాకా ఆ క్లాసుకు వారానికో సబ్‌స్టిట్యూట్ వస్తాడు. ఆ పిల్లల సంవత్సరం ఎవరు తిరిగిస్తారు?

ఓటర్లు బోర్డును సిద్ధాంతాల మీద నిలదీస్తారు. జీతం సరిగ్గా పడుతోందా, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లాడి బస్సు టైముకు వస్తోందా అన్నది మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే నమ్మకం మొదలవ్వాల్సింది అక్కడే.

బే_బాబాయ్:

సుజాత గారు చెప్పింది అక్షరాలా నిజం.

గుంటూరు_గోపాలం:

అమెరికా విషయం అయినా రేవతి గారు ఇండియా సంగతులూ చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను. మన దగ్గర స్కూల్ బోర్డుకు అందరూ ఓటేసే పద్ధతి లేదు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలు ఉండాలి. ఆంధ్రాలో 2024 ఆగస్టు 8న వీటికి ఎన్నికలు జరిగాయి. మా మండలంలో ఒక బడి కమిటీలో నేను సభ్యుడిగా చేశాను. చాలా చోట్ల ఎలా జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్తా. మీటింగు ఉండదు. మినిట్స్ పుస్తకం ఇంటికొస్తుంది. కూలికి వెళ్ళి వచ్చి అలిసిపోయి కూర్చున్న తల్లి, పైన ఏం రాసుందో చదవకుండా, వేలు చూపించిన చోట సంతకం పెడుతుంది. తీర్మానం అప్పటికే రాసేసి ఉంటుంది. కొన్నిసార్లు ఖాళీ పేజీ మీదే సంతకాలు.

కానీ "మన బడి నాడు-నేడు" పనులు వచ్చినప్పుడు తేడా చూశాను. డబ్బు తల్లిదండ్రుల కమిటీ ద్వారా ఖర్చవ్వాలి. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, ప్రహరీ. సిమెంటు బస్తాలు దిగిన రోజు మా బడికి ఇద్దరు అమ్మలు వచ్చి బస్తాలు లెక్కపెట్టారు. వాళ్ళు అంతకుముందు ఎప్పుడూ బడి లోపలికి రానివాళ్ళు. బిల్లులో ఉన్నదానికంటే తక్కువుంటే దింపుకోబోమని పట్టుబట్టి మిగతావి తెప్పించారు. ఆ రోజునుంచి మీటింగుకు పిలవకుండానే వచ్చేవారు. అన్ని బడుల్లో ఇలా జరిగిందని అనను. కొన్ని చోట్ల పార్టీవాళ్ళే కమిటీ నడిపారు, పనులు సగంలో ఆగిన బడులూ ఉన్నాయి. కానీ తల్లిదండ్రుల చేతికి లెక్క అందిన చోట వాళ్ళు బడిని తమదనుకున్నారు. మీ బోర్డులు కోట్ల డాలర్ల లెక్కను వందల పేజీల పీడీఎఫ్‌లో పెడతాయేమో, మీ మీ బడికి వచ్చిన దాన్ని ఒక్క పేజీలో ఇవ్వమనండి.

ఫ్రిస్కో_శీను:

గోపాలం గారూ, ఇది నాకు బాగా నచ్చింది. ఒక్కో బడికి ఒక్క పేజీ లెక్క. మా దగ్గర కూడా అడుగుతాం.

కల్యాణి_ఓక్లాండ్:

ఆ పేజీ స్పానిష్, చైనీస్, వియత్నామీస్‌లో కూడా ఉండాలని అడగండి. మీటింగు రాత్రి ఆరింటికి మొదలై అర్ధరాత్రి దాటితే షిఫ్టులో పనిచేసే తల్లి తన రెండు నిమిషాల మాట చెప్పడానికి ఎలా ఆగుతుంది? పబ్లిక్ కామెంట్, అంటే జనం మాట్లాడే సమయం, ముందే పెట్టాలి.

లెక్కల_మాస్టారు:

రేవతి గారికి ఉపయోగపడేది ఒకటి చెప్తా. 2022లో కొత్త బోర్డు తనకు తాను అంకెలు పెట్టుకుంది. మూడో తరగతిలో సరిగ్గా చదవగలిగే పిల్లలు అప్పుడు 52 శాతం, 2027 నాటికి 70 శాతం కావాలి. ఎనిమిదో తరగతి లెక్కల్లో 42 నుంచి 65 శాతానికి చేరాలి. ఇలా బహిరంగంగా రాసుకోవడం మంచి పని. ఇప్పుడు ఎన్నిక 2026 చివర్లో అంటే గడువు ముంగిట్లోనే ఉన్నాం. ప్రతి అభ్యర్థినీ అడగండి: "ఇవాళ ఆ అంకె ఎంత? లక్ష్యం అందకపోతే మీరు ఏ ఖర్చు ఆపి ఏది పెంచుతారు?" అంకె తెలియకుండా పోటీ చేస్తున్నవాళ్ళు అక్కడే తేలిపోతారు.

ఆల్జీబ్రా కూడా అడగండి. 2014లో ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా తీసేశారు, పిల్లల మధ్య అంతరం తగ్గుతుందని. డబ్బున్న ఇళ్ళల్లో ప్రైవేటు క్లాసులు పెట్టించుకున్నారు, మన ఇళ్ళల్లో సరేసరి. లేనివాళ్ళ పిల్లలు ఆగిపోయారు. 2024 మార్చిలో దాన్ని తిరిగి తేవాలని 80 శాతానికి పైగా ఓటర్లు చెప్పారు. ఆ ఓటు సలహా మాత్రమే, బోర్డు అప్పటికే ఫిబ్రవరిలో ఒప్పుకుంది. పదేళ్ళు పట్టింది. ఒక తరం పిల్లలు ఆ మధ్యలో బడి దాటిపోయారు. "ఒక విధానం పనిచేయడం లేదని ఎన్నేళ్ళలో తెలుసుకుంటారు?" అని అడగాలి.

రేవతి_ఎస్ఎఫ్:

మాస్టారూ, చాలా థాంక్స్. బడుల మూసివేత గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఇక్కడ అందరికీ అదే టెన్షన్.

బే_బాబాయ్:

2024 అక్టోబర్‌లో మూసేసే, కలిపేసే 13 బడుల జాబితా బయటపెట్టారు. అంతకుముందే ఒకసారి వాయిదా వేశారు. ఊరంతా గగ్గోలు. అప్పటి మేయర్ కూడా ఆపమన్నారు. అదే నెలలో సూపరింటెండెంట్ మ్యాట్ వేన్ రాజీనామా చేశారు, మరియా సు వచ్చారు, మూసివేతలు ఆగాయి. కానీ పిల్లల సంఖ్య తగ్గడం ఆగలేదు, లోటు పోలేదు. ఆ ఏడాదే రాష్ట్రం తన ఆర్థిక నిపుణుల్ని పంపింది, బోర్డు ఖర్చు నిర్ణయాల్ని ఆపే అధికారంతో.

మూసివేత పేరెత్తితే ఓట్లు పోతాయని అభ్యర్థులందరూ "నేను ఒక్క బడి కూడా మూయను" అంటారు. అలా అన్నవాళ్ళను నేను నమ్మను. ఖాళీ గదులు ఎన్నున్నాయో, ఏ కొలతతో నిర్ణయిస్తారో, ఆ కొలతను జాబితాకు ఏడాది ముందే చెప్తారో లేదో చెప్పినవాళ్ళను నమ్ముతాను.

సుజాత_టీచర్:

బాబాయ్ గారూ, ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. కొలతలు ముందే చెప్పినా, మూతపడేవి మళ్ళీ పేద వీధుల్లోని చిన్న బడులే అయితే ఆ కుటుంబాలు ఎలా నమ్ముతాయి? మూసేశాక ఆ పిల్లలు ఏ బడికి ఎలా వెళ్తారు, ఆ బడిలో వాళ్ళ కోసం ఏం పెంచుతారు అనేది కూడా జాబితాతోపాటే రావాలి. ఒక కౌన్సెలర్, ఒక బస్సు, తెలిసిన టీచర్ ఒకరు. అవి లేకపోతే ఒప్పుకోకూడదు.

బే_బాబాయ్:

అది న్యాయమైన షరతే.

వీసా_విష్ణు:

ఆలస్యంగా వచ్చాను. రేవతి గారూ, మేమూ శాన్ ఫ్రాన్సిస్కోలోనే, హెచ్1బీ మీద. సిటిజన్లు కానివాళ్ళు కూడా స్కూల్ బోర్డుకు ఓటేయొచ్చంటారు, నిజమేనా? ప్రాపర్టీ టాక్స్ కట్టేది మేమూ కదా.

లెక్కల_మాస్టారు:

నిజమే విష్ణూ. 2016లో ప్రపోజిషన్ ఎన్ నెగ్గింది, 2018 నుంచి అమల్లో ఉంది. నగరంలో ఉంటూ, 18 నిండి, ఇక్కడే ఉండే 19 ఏళ్ళలోపు పిల్లలకు తల్లో తండ్రో సంరక్షకుడో అయితే చాలు. 2022లో ఒక కోర్టు కొట్టేసింది, 2023లో అప్పీల్ కోర్టు నిలబెట్టింది. ప్రతి ఎన్నికకూ విడిగా వేరే ఫారం నింపాలి. బ్యాలెట్‌లో స్కూల్ బోర్డు మాత్రమే ఉంటుంది. మొదటి ఏడాది నమోదైనవాళ్ళు వందమంది కూడా లేరు.

కారణం భయమే. నీ వివరాలు ఇమ్మిగ్రేషన్ వాళ్ళకు చేరవచ్చని నగర ఎన్నికల శాఖే హెచ్చరిస్తుంది. తర్వాత సిటిజన్‌షిప్ దరఖాస్తులో, ఎప్పుడైనా ఓటుకు నమోదయ్యారా, ఓటేశారా అని అడుగుతారు. చట్టబద్ధంగా వేసిన ఓటైనా వివరణ ఇచ్చుకోవాలి. లాయర్‌ను అడగకుండా ఫారం మీద చేయి పెట్టొద్దు. పొరపాటున మామూలు ఓటరు ఫారం నింపితే గ్రీన్ కార్డుకే ఎసరు.

ఫ్రిస్కో_శీను:

మా టెక్సస్‌లో అసలు ఆ అవకాశమే లేదు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళకేళ్ళు నిలబడి ఉన్న తల్లిదండ్రులు, పిల్లల్ని ఇక్కడే కని, ఇక్కడే చదివిస్తూ, ఒక్క ఓటు కూడా లేకుండా పన్ను కడుతున్నారు. కానీ పబ్లిక్ కామెంట్‌కు సిటిజన్‌షిప్ అడగరు. విష్ణు బ్రో, ఓటు వద్దనుకుంటే మైకు దగ్గరికి వెళ్ళండి. మెయిల్ పంపండి, రికార్డులో ఉంటుంది.

వీసా_విష్ణు:

సరే అన్నా, లాయర్‌తో మాట్లాడతాను. ఎలాగైనా ముఖాముఖికి వస్తాను రేవతి గారూ. కన్సెంట్ జాబితా ప్రశ్న నాకివ్వండి, వృత్తిరీత్యా నేను చూసేది కాంట్రాక్టులే.

రేవతి_ఎస్ఎఫ్:

తప్పకుండా విష్ణు గారూ. చదువు అంకెలు, మూసివేత కొలతలు నేను అడుగుతా. బడికి ఒక్క పేజీ లెక్క గురించి మా స్కూల్ తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను. ఒక చైనీస్ అమ్మ, ఒక స్పానిష్ నాన్న అనువాదం చేస్తామన్నారు.

సుజాత_టీచర్:

మంచిది రేవతీ. ఇంకొక్కటి కలుపుకోండి. "ఆగస్టులో బడి తెరిచిన మొదటి రోజు ఎన్ని క్లాసులకు పర్మనెంట్ టీచర్ లేరు? ఏ బడుల్లో?" ఈ లెక్క హెచ్‌ఆర్ వాళ్ళ దగ్గర ఉంటుంది. ఇవ్వలేమంటే పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద రాతపూర్వకంగా అడగండి, పది రోజుల్లో జవాబు చెప్పాలి. ఉత్తరం నమూనా నా దగ్గర ఉంది, రాత్రికి ఇక్కడే పెడతాను.